ఫలక్‌నుమాలో 101 కుర్చీల భోజనశాల చూసొచ్చాం

అమ్మ పుట్టినరోజని మొన్న హైదరాబాద్‌లోని ఫలక్‌నుమా ప్యాలెస్‌లో సాయంత్రం టీకి తీసుకెళ్లాను. జేడ్ రూమ్‌లో టీ, స్నాక్స్ అన్నీ బాగున్నాయి. కానీ నేను రాయాలనుకున్నది ఆ తర్వాత టూర్‌లో చూపించే పెద్ద భోజనశాల గురించి. ఒకటే టేబుల్, దాని చుట్టూ 101 కుర్చీలు. ఈ చివర నిలబడితే ఆ చివర ఉన్న మనిషి ముఖం ఆనవాలు పట్టడం కష్టం.

అమ్మ కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత మెల్లగా "ఎంత పొడుగు బంతి రా!" అంది.

అంతకన్నా సరైన మాట నాకు దొరకలేదు. పైకి చూస్తే ఆ గదంతా యూరప్‌దే. చెక్కిన నల్లటి చెక్కపని, వరసగా వేలాడే షాండ్లియర్లు, ఆకుపచ్చ తోలు తొడిగిన రోజ్‌వుడ్ కుర్చీలు. ప్యాలెస్ కట్టించింది నిజాం రాజ్యంలో పెద్ద ప్రభువులైన 'పైగా' అనే వంశానికి చెందిన సర్ వికారుల్ ఉమ్రా, డిజైన్ చేసింది విలియం వార్డ్ మారెట్ అనే ఇంగ్లిష్ ఆర్కిటెక్ట్, పని మొదలైంది 1884లో. 1897లో అది ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ చేతికొచ్చింది. అయితే ఇంగ్లిష్ విందుల్లో ఇంటి యజమాని టేబుల్ చివర కూర్చోవడం మామూలు కదా, ఇక్కడ నిజాం పొడుగు వైపు మధ్యలో కూర్చునేవాడని గైడ్ చెప్పాడు. పాతబస్తీలో స్నేహితుల ఇళ్లలో దస్తర్‌ఖాన్ (నేల మీద భోజనానికి పరిచే గుడ్డ) పరిచినప్పుడు పెద్దాయన్ని మధ్యలో కూర్చోబెట్టి అందరూ రెండు వైపులా ఎదురెదురుగా కూర్చోవడం నేను చాలాసార్లు చూశాను. నా కంటికి ఆ టేబుల్ నేల మీద నుంచి పైకి లేపిన దస్తర్‌ఖాన్‌లాగే కనిపించింది. రెండు పద్ధతులు కలవడమంటే నాకు ఇదీ నచ్చే తీరు, అతికించినట్టు ఎక్కడా ఉండదు.

ఈమధ్య మా బంధువుల పెళ్లికి ఒక ఫంక్షన్ హాలుకి వెళ్లాం. రోమన్ స్తంభాలు, రాజస్థానీ కిటికీలు, పైన బంగారు రంగు సీలింగు, మూలమూలకీ రంగుల లైట్లు. ఖర్చు బాగానే పెట్టారు, కాదనను. కానీ గోల ఎంతగా మార్మోగిందంటే పక్కన కూర్చుని తింటున్న పిన్నితో ఒక్క మాట మాట్లాడలేకపోయాను, చాలా బాధేసింది. భోజనాల గది అన్నాక మనిషికి మనిషి మాట వినపడాలి.

ఫలక్‌నుమాలో వినపడుతుంది. గైడ్ అమ్మని టేబుల్ ఒక చివర నిలబెట్టి, తను రెండో చివరికి వెళ్లి, గొంతు ఏమాత్రం పెంచకుండా "భోజనం అయిందా అమ్మా" అన్నాడు. అమ్మకి వినికిడి కొంచెం తగ్గింది, అయినా వెంటనే చెయ్యి ఊపి "ఇంకా లేదు నాయనా" అని జవాబిచ్చింది. కరెంటు మైకుల్లేని కాలంలో, విందు ఇచ్చేవాళ్ల మాట ఆఖరి కుర్చీ దాకా వెళ్లేలా కట్టిన గది అది.

ప్యాలెస్ చాలా ఏళ్లు తాళం వేసి ఉండిపోయింది. నిజాం వంశపు కోడలు రాకుమారి ఎస్రా దగ్గరుండి బాగు చేయించాక 2010 నవంబరులో తాజ్ వాళ్లు హోటల్‌గా తెరిచారు. ఆ ఓపికకి ఆమెకి దణ్ణం పెట్టాలనిపిస్తుంది. కుర్చీ వీపు మీద చెక్కడం దగ్గర్నుంచి చూడండి, ఆకుల అంచులు ఇప్పటికీ వాడిగా ఉన్నాయి.

ఈ హాల్లో ఇద్దరు ముగ్గురికి విడిగా టేబుల్ ఇవ్వరు, పెద్ద విందులకే. 2017 నవంబరులో మోదీ, ఇవాంకా ట్రంప్ వచ్చిన విందు ఇక్కడే జరిగింది. మనలాంటి వాళ్లు తినాలంటే ప్యాలెస్‌లోనే 'అదా' అనే రెస్టారెంట్‌లో హైదరాబాదీ వంటలున్నాయి. దేనికైనా ముందే బుక్ చేసుకుని వెళ్లాలి, గేటు దగ్గరికెళ్లి అడిగితే కుదరదు. టూర్‌లో భోజనశాల రాగానే అందరితో పాటు ఫోటోలకి ఎగబడకండి, చివర్లో ఉండి, గది కాస్త ఖాళీ అయ్యాక టేబుల్ మధ్య కుర్చీ దగ్గర నిలబడి రెండు వైపులా ఒకసారి చూడండి.