రైల్వే స్టేషన్ వెనక ఇడ్లీ బండి: రుచికి నాలుగు, టోకెన్‌కి ఐదు

రోజంతా నాకు నక్షత్రాలిచ్చేది జనం. వాన పడినా, లిఫ్టు పనిచెయ్యకపోయినా, బిర్యానీలో లెగ్ పీసు రాకపోయినా తగ్గేది నా రేటింగే. ఫుడ్ డెలివరీ బతుకంటే అంతే. అందుకని ఈసారి నేనే తీరిగ్గా కూర్చుని ఒకళ్లకి రేటింగ్ ఇస్తున్నాను. ఏ యాప్‌లోనూ దొరకని బండి ఇది. బోర్డు లేదు, పేరూ లేదు.

విశాఖ రైల్వే స్టేషన్ అంటే అందరికీ గుర్తొచ్చేది ఒకటో ప్లాట్‌ఫాం వైపు. ఎనిమిదో ప్లాట్‌ఫాం వైపు బయటికొస్తే జ్ఞానాపురం. తెల్లారకముందే హోల్‌సేల్ మార్కెట్‌కి ఉల్లిపాయల లారీలొస్తాయి, కలాసీలు బస్తాలు దింపుతుంటారు. అటు కాన్వెంట్ జంక్షన్‌కీ, ఇటు సెయింట్ పీటర్స్ చర్చికీ మధ్య ఎక్కడో ఈ బండి పెడతారు. ఇంతకంటే కచ్చితంగా చెప్పను. ఎందుకో తర్వాత చెప్తాను.

ముందు తిండి సంగతి. ఇడ్లీ బాగుంటుంది. రేకుల మీద తడిగుడ్డ పరిచి వేస్తారు కాబట్టి అడుగున అంటుకోదు, తీసినప్పుడు గుడ్డ నేత ఇడ్లీ మీద అచ్చు పడి ఉంటుంది. ప్లేటుకి నాలుగు, ముప్పై రూపాయలు. పల్లీ చట్నీ మామూలే. అల్లం పచ్చడి మాత్రం బెల్లం తక్కువ, కారం ఎక్కువ, నైట్ షిఫ్ట్ దిగినోడి కళ్లు తెరిపించే రకం. పూరీకి బొంబాయి చట్నీ ఇస్తారు. ఉత్తరాంధ్రలో పుట్టినవాడికి పూరీతో బంగాళాదుంప కూర పెడితే ఏదో తక్కువైనట్టే ఉంటుంది, ఇక్కడ ఆ బాధ లేదు. శనగపిండి పచ్చివాసన రాకుండా ఉడికిస్తారు, పచ్చిమిర్చి చీలికలు పైకే కనిపిస్తాయి. ఎండాకాలంలో చోడంబలి (రాగి అంబలి) కూడా పెడతారు, మజ్జిగ కలిపి, ఉల్లిపాయ ముక్క నంజుకోడానికిచ్చి. సాంబారు గురించి చివర్లో మాట్లాడుకుందాం.

ఇక టోకెన్ల సంగతి. బండికి ఒక చివర డబ్బుల దగ్గర బావ కూర్చుంటాడు, రెండో చివర ఇడ్లీ పాత్ర దగ్గర అప్ప నిలబడుతుంది. వాళ్లు నాకేమీ బంధువులు కారు, అందరూ అలాగే పిలుస్తారు. డబ్బులిస్తే బావ ఒక క్యారమ్స్ కాయ ఇస్తాడు. తెల్లది ఇడ్లీకి, నల్లది పూరీకి, ఎర్రది పార్సిల్‌కి. ఎన్నేళ్లవో గానీ నూనె చేతులు తగిలి తగిలి నున్నగా అయిపోయాయి. కాయ అప్ప చేతిలో పెడితే ప్లేటొస్తుంది. ఆ కాయ ఎవరు కొన్నారో అప్పకి తెలీదు, తెలుసుకోవాలనీ చూడదు. కారులో వచ్చినోడి చేతిలోదీ, ఫుట్‌పాత్ మీంచి లేచొచ్చినోడి చేతిలోదీ ఒకే కాయ. ప్లేటులో పడేదీ ఆ నాలుగు ఇడ్లీలే. నాకు ఈ బండిలో నచ్చింది ఇదే. ఊరికే పెడుతున్నామన్న మాట అక్కడ ఎవరి నోటా రాదు, ఊరికే తింటున్నానని ఎవరూ తల దించుకోనక్కర్లేదు.

ఇష్టమున్నవాళ్లు రెండు కాయలు కొని ఒకటి తాత జర్దా డబ్బాలో వేస్తారు, డబ్బుల్లేనివాళ్లకి ఆ కాయలు పంచేది తాతే. స్కానర్ పెట్టె మొదట్లో "అరవై రూపాయలు అందాయి" అని వీధంతా వినపడేలా అరిచేది. ఒక్క ప్లేటు తిని అరవై కొట్టినోళ్లకి ఇబ్బందిగా ఉందని బావ దాని గొంతు నొక్కేశాడు. ఇప్పుడు ఫోన్లో చూసుకుంటాడు, కళ్లజోడు నుదుటి మీదకి తోసి మరీ.

తాత ఒకప్పుడు ఇదే మార్కెట్‌లో కలాసీ. శ్రీకాకుళం వైపు మనిషి. బస్తాలు మోసి మోసి కుడిభుజం పోయింది, ఇప్పుడు చెయ్యి చెవి దాకా కూడా లేవదు. ఉల్లిపాయల కొట్టు మెట్ల మీద పడుకుంటాడు. కొట్టుకి కాపలా ఉన్నట్టూ ఉంటుంది, తాతకి తలదాచుకోడానికీ ఉంటుంది, కొట్టాయనా తాతా ఆ విషయం ఎప్పుడూ నోటితో మాట్లాడుకోలేదు. పొద్దున్నే డబ్బా పట్టుకుని స్టేషన్ గోడ వెంట ఫ్లైఓవర్ కింద దాకా వెళ్తాడు. ఎవరు నిన్నట్నుంచి తినలేదో, ఎవరికి జ్వరమో, ఎవరు రాత్రి కొట్టుకున్నారో అన్నీ తెలుసు. కాయ ఇచ్చేటప్పుడు "తీసుకో" అనడు. "నిన్నటిది నీది నా కాడ ఉండిపోనాది" అంటాడు. అప్పు తీర్చేవాడి మొహం పెడతాడు, కొంచెం విసుగ్గా కూడా.

ఒకరోజు తెల్లవారుజామున ఆఖరి ఆర్డరు ఇచ్చేసి నేను బండి దగ్గర ఆగాను. గోడ దగ్గర కొత్త గుంటడొకడు కూర్చున్నాడు, ఇరవై ఏళ్లుంటాయేమో. పార్వతీపురం వైపు వాడట. పని ఇప్పిస్తానని తెచ్చిన మేస్త్రీ డబ్బులతో ఉడాయించాడు, ఫోన్ స్టేషన్లో పోయింది. ఇవన్నీ తర్వాత తెలిశాయి, అప్పటికి మాత్రం వాడు ఎవరితోనూ మాట్లాడటం లేదు. తాత వెళ్లి పక్కన కూర్చుని బీడీ వెలిగించుకున్నాడు. సగం కాలాక తెల్ల కాయ తీసి నేల మీద పెట్టాడు.

"నిన్నటిది నీది ఉండిపోనాది."

"నిన్న నేనిక్కడ లేను తాతా."

"అయితే మొన్నటిది."

వాడికి నవ్వొచ్చేసింది. తిన్నాడు. రెండో ప్లేటు కూడా తిన్నాడు. తొక్కుడు రిక్షా ఆయన తన డబ్బా ఫోనిచ్చి ఇంటికి మాట్లాడించాడు, బ్యాలెన్స్ అయిపోతుందని సైగ చేస్తూనే. ఈ రిక్షా ఆయనకి ఇల్లు లేదు, రిక్షాయే ఇల్లు, సీటు కింద ఒక దుప్పటి, ఒక అద్దం, దేవుడి పటం. ఉల్లిపాయల లోడు తగిలిన రోజు మూడు కాయలు కొంటాడు, ఒకటి తనకి, రెండు డబ్బాలోకి. లోడు లేని రోజు డబ్బాలోంచి తీసుకుంటాడు. ఇటు వేసినవాడూ అటు తీసినవాడూ ఒకడే అవ్వడం అక్కడ ఎవరికీ వింత కాదు. ఒడిశా నుంచి వచ్చిన ఒకావిడ ఉంది, చంటిదాన్ని ఎత్తుకుని. కాయకి డబ్బుల్లేవు కదా అని, తిన్నాక ప్లేట్లు కడిగేసి వెళ్తుంది. అప్ప వద్దన్నా వినదు. ఇద్దరికీ ఒకరి భాష ఒకరికి రాదు, అయినా గంటల తరబడి కబుర్లు చెప్పుకుంటారు.

మోసాలు ఉండవా అంటే, ఉంటాయి. ఒకాయన కాయ తీసుకొచ్చి డబ్బులిమ్మని బావతో గొడవకి దిగాడు. బావ "కాయకి తిండే, డబ్బు రాదు" అని తేల్చేశాడు. ఆయన తిట్టుకుంటూ వెళ్లి, కాసేపయ్యాక ఇడ్లీకే వచ్చాడు, మందు వాసనతో. నా వెనకాల నిలబడ్డ పెద్దమనిషి ఇలాంటోళ్లకి పెట్టడం వేస్టన్నాడు. అప్ప చట్నీ వేస్తూనే అంది, "తాగినోడికి ఆకలెయ్యదేటి బాబూ?"

ఇదెలా మొదలైందని అడిగితే బావ హుద్‌హుద్ తుపాను దగ్గర్నుంచి ఎత్తుకుంటాడు. 2014 అక్టోబర్ 12, ఆదివారం. మా ఊళ్లో ఏ కథైనా హుద్‌హుద్‌కి ముందు, హుద్‌హుద్‌కి తర్వాత అనే ఉంటుంది. గాలికి ఈ బండి తిరగబడి కాలవలో పడింది, ఇడ్లీ పాత్ర ఎక్కడికో కొట్టుకుపోయింది. మర్నాడు కరెంటు లేదు, నీళ్లు లేవు, పాల ప్యాకెట్ కొనబోతే కళ్లు తిరిగే రేటు. చుట్టుపక్కల ఇళ్లున్నవాళ్లు రేకులు ఎగిరిపోయి తమ గోలలో తామున్నారు. ఫుట్‌పాత్ మీద బతికే వాళ్లే నలుగురొచ్చి కాలవలోంచి బండిని లాగారు. పాత్ర వెతికి తెచ్చారు. రోడ్డంతా పడిపోయిన చెట్లే కదా, కొమ్మలు నరికి పొయ్యి కింద పెట్టారు. పచ్చికట్టెల పొగకి అప్ప కళ్లు వాచిపోయాయి గానీ వండింది. ఆ వారమంతా ఆ వీధిలో ఇళ్లున్నవాళ్లకి కూడా వేడిగా దొరికింది ఈ బండి దగ్గర గంజీ ఉప్మాయే. అందులో డబ్బులిచ్చింది ఎవరు, ఇవ్వనిది ఎవరు అని లెక్క రాయలేదు. తర్వాత కరెంటొచ్చింది, డబ్బులు తీసుకోక తప్పలేదు, బండి లాగినోళ్ల దగ్గర తీసుకోడానికి చేతులు రాలేదు. ఇంట్లో మూలపడి ఉన్న క్యారమ్స్ కాయలు అప్పుడు తెచ్చారు.

అన్న క్యాంటీన్లుండగా ఇదెందుకని మా రైడర్ ఒకడన్నాడు. అన్న క్యాంటీన్ మంచిదే, నేనూ తింటాను. 2018లో మొదలయ్యాయి, 2019లో మూతపడ్డాయి, 2024 ఆగస్టులో మళ్లీ తెరిచారు. పూటకి ఐదు రూపాయలు, ఆ ఐదుకి అంత వేడి అన్నం ఇంకెక్కడా రాదు. కానీ టిఫిను పొద్దున్న ఏడున్నరకి. లారీ దించడానికి మూడింటికి లేచినోడికి, స్టేషన్ దగ్గర తెల్లారేలోపు లేపి పంపేసినోడికి నాలుగింటి ఆకలి ఒకటుంటుంది. ఈ బండి ఆ వేళకి వెలిగి ఉంటుంది. రాత్రి బస కేంద్రాల సంగతీ అంతే. లక్ష జనాభాకి ఒక వసతి గృహం 24 గంటలూ నడవాలని సుప్రీంకోర్టు 2010లోనే చెప్పింది. 2011 లెక్కల్లోనే మన గ్రేటర్ విశాఖ జనాభా 17 లక్షలు దాటింది, లెక్క మీరే వేసుకోండి. పోనీ చోటున్నా రిక్షా ఆయన రిక్షాని ఏం చేస్తాడు? రోడ్డు మీద వదిలేసి లోపల నిద్రపోగలడా?

అసలు బయట పడుకునేవాళ్లకి తిండి తర్వాత పెద్ద కష్టం మూట. డిసెంబర్‌లో దుప్పట్లు పంచేవాళ్లు చాలామందే వస్తారు. పొద్దున్న ఆ దుప్పటి ఎక్కడ పెట్టాలి? కూలికి పోతే మోసుకెళ్లలేరు, గోడ మీద వదిలితే సాయంత్రానికి చెత్త ఆటోలో పోతుంది. ఆధార్ కార్డు పోతే ఇంకో నరకం. ఈ బండి కింద అరలో మూటలు పెట్టుకోనిస్తారు. ఒక్కో మూటకీ ఒక్కో రంగు గుడ్డపీలిక కట్టి ఉంటుంది. ఫోన్ ఛార్జింగ్‌కి పక్క కిళ్లీ కొట్టు.

నా ఉద్యోగం సంగతి కూడా ఒకటి చెప్పాలి. ఆర్డరు క్యాన్సిల్ అయితే ఒక్కోసారి పార్సిల్ మా చేతిలోనే ఉండిపోతుంది. అలాంటివి నేనిటు తెస్తుంటాను. ఒక రాత్రి చికెన్ బిర్యానీ తెచ్చి గోడ దగ్గర ఒకాయనకిస్తే చేతులు జోడించి "శనివారం బాబూ, తిననండి" అన్నాడు. నాతో ఉన్న కుర్రాడు బండి దిగకుండానే పగలబడి నవ్వాడు, తిండి లేనోడికి వారాలేంటని. వెంకన్న మొక్కు ఇల్లున్నోడికి ఒకలా, లేనోడికి ఒకలా ఉంటుందా? తాత ఆ ప్యాకెట్ తీసుకుని శనివారం పట్టింపు లేని వాళ్లకి పంచాడు. ఆయనకి అరటిపళ్లు సర్దాడు. పుట్టినరోజులకి, వర్ధంతులకి అన్నం ప్యాకెట్లు తెచ్చేవాళ్లకి నాదొక మనవి. మే నెలలో సాంబారన్నం కవర్లలో కట్టించకండి, మీరు తెచ్చేసరికే పులుస్తుంది. పులిహోర నిలుస్తుంది. ఫోన్లు ఎత్తి పట్టుకుని "ఇటు చూడండమ్మా" అనకండి. ఆదివారం మధ్యాహ్నం నాలుగు కార్లొస్తాయి, మంగళవారం వానలో ఒక్కడూ రాడు. వానరోజు రండి.

లోపాలు. ప్లేట్లు రెండు బకెట్లలో ముంచి తీస్తారు, ఎనిమిది దాటాక రెండో బకెట్ నీళ్లు కూడా మొదటి దానిలాగే ఉంటాయి. చెంచాలు చాలవు. బండి ఆపడానికి చోటుండదు, ఉల్లి లారీ రివర్స్ చేస్తే ప్లేటు పట్టుకుని పరిగెత్తాలి. ఒక్కోరోజు బొంబాయి చట్నీలో ఉప్పు రెండుసార్లు పడుతుంది. ఆ రోజు అప్పకీ బావకీ మాటల్లేవని అర్థం.

నేను పని చేసేది మ్యాపుల మీద కదా, ఈ బండికి ఒక పేరు పెట్టి పిన్ను పెడతానని ఉత్సాహపడ్డాను. అప్ప గట్టిగా వద్దంది. "పేరొచ్చిందంటే జనం పెరుగుతారు బాబూ. జనం పెరిగితే ట్రాఫిక్కోళ్లొస్తారు. ఆళ్లొస్తే మూటలెక్కడెట్టను?" అందుకే కచ్చితమైన చోటు రాయలేదు. కావలసినవాళ్లు పొద్దున్న నాలుగున్నరకి జ్ఞానాపురం వైపు దిగి అల్లం పచ్చడి ఎక్కడని అడిగితే ఎవరైనా చూపిస్తారు. చిల్లర ఉంచుకోండి. పార్సిల్‌కి మీ గిన్నె మీరే తెచ్చుకుంటే ఇంకో ఇడ్లీ వేస్తారు. సాంబారు మాత్రం ఎవరెంత చెప్పినా పోయించుకోకండి. అర నక్షత్రం కాదు, ఒక నక్షత్రం మొత్తం దానికే కోశాను.