నెలకు 1,500 పెంపా, రెండు రోజుల నిజమైన సెలవా: ఏది మేలు?

విశాఖలో ఓ మోస్తరు స్వచ్ఛంద సంస్థ. ఫీల్డ్‌లో 12 మంది. కొందరు జాలరిపేటలో, గాజువాక బస్తీల్లో తిరుగుతారు. మిగతావాళ్ళు పొద్దున్నే పాడేరు బస్సెక్కి ఏజెన్సీకి పోతారు. స్టాఫ్ బాగోగులకంటూ ఈ ఏడాది 2,16,000 రూపాయలు విడిగా తీయగలిగారనుకుందాం. రుషికొండ వైపు ఏదైనా రిసార్టులో ఒత్తిడి తగ్గించే క్యాంపు పెట్టొచ్చు. అందరికీ జీతం పెంచొచ్చు. లేదంటే సెలవు పెట్టినవాళ్ళ బదులు పనిచేయడానికి ఒక రిలీవర్‌ను తీసుకోవచ్చు.

క్యాంపు గురించి ఎక్కువ చెప్పుకోనక్కర్లేదు. సరదాగా గడుస్తుంది, ఫొటోలు బాగా వస్తాయి. సోమవారం పొద్దున్న మళ్ళీ అదే రిజిస్టరు, కంప్యూటర్లో అదే ఎంఐఎస్ రిపోర్టుల ఎంట్రీ. ప్రాణాయామానికి మన దగ్గర కొదవేం లేదు, 2025 జూన్ 21న ఆర్కే బీచ్ నుంచి భోగాపురం దాకా యోగా చాపలు పరిచిన ఊరిది. బర్నవుట్ అంటే జబ్బు కాదు, పనిచోట తీరకుండా పేరుకుపోయిన ఒత్తిడి ఫలితం అని ప్రపంచ ఆరోగ్య సంస్థే 2019లో తేల్చింది. మరి మందు రిసార్టులో ఎందుకు దొరుకుతుంది? ఎవరికైనా నిజంగానే మనసు బాగోకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416 ఉంది, తెలుగులోనే, ఉచితంగా మాట్లాడతారు. అది ఆఫీసు గోడ మీద రాసి పెట్టండి, చాలు.

అసలు పోటీ మిగతా రెండిటి మధ్యే.

ఆ డబ్బును 12 మందికి పంచితే మనిషికి నెలకు 1,500. తీసిపారేసే మొత్తం కాదు. గ్యాస్ బండకో, పిల్లల ట్యూషన్ ఫీజుకో అక్కరకొస్తుంది. జీతాలు మరీ తక్కువగా ఉన్న సంస్థ అయితే ముందు ఇదే చేయాలి, రెండో మాట లేదు. (దీనికన్నా ముందు టీఏ బిల్లులు నెలనెలా ఇచ్చేయండి. సొంత డబ్బుతో పెట్రోలు కొట్టించుకుని రెండు నెలలు ఎదురుచూసే మనిషికి ఒత్తిడి తగ్గించుకోవడం మీద క్లాసేమిటి?)

అదే డబ్బుకు నెలకు 18,000 చొప్పున ఒక రిలీవర్ వస్తారు. నెలకు 24 పనిదినాలు, 12 మంది, అంటే ఒక్కొక్కరికి రెండు రోజులు. సెలవులు ఇప్పుడూ ఉన్నాయిగా అంటారు. కాగితం మీద ఉన్నాయి. గర్భిణులను ఆస్పత్రి కాన్పుకు ఒప్పించే అమ్మాయి సెలవు పెట్టినా ఫోన్ మోగుతూనే ఉంటుంది. "అక్కా, నొప్పులొస్తన్నాయి, బండి ఇంకా రాలేదు" అని కొండ మీది ఊరి నుంచి ఎవరో ఒకరు చేస్తారు. ఆ ఇంటివాళ్ళు నమ్మే మనిషి ఇంకొకరు ఉంటే తప్ప ఆమె ఫోన్ పక్కన పెట్టలేదు.

ప్రాజెక్టు మార్చి 31తో అయిపోతుంది గానీ ఊరితో పని అయిపోదు. ఆమె విసిగిపోయి మానేసిందంటే ఏ ఇంట్లో అత్తగారి మాట చెల్లుతుందో, సంతలో ఎవరిని పట్టుకుంటే మీటింగ్‌కు జనం వస్తారో, అదంతా ఆమెతోనే పోతుంది. కొత్తవాళ్ళు మళ్ళీ పేర్లు రాసుకోవడం మొదలుపెడితే "మళ్ళీ సర్వేనా?" అని జనం మొహం తిప్పుకుంటారు. 1,500 ఎక్కువిస్తే ఆమె ఇంకొన్నాళ్ళు ఉండొచ్చు. ఉన్నా, ఆ ఊరు ఆమె ఒక్కదాని బుర్రలోనే ఉంటుంది. అందుకే నా ఓటు రిలీవర్‌కే.

కాకపోతే ఆ రిలీవర్‌ను ఆఫీసులో కూర్చోబెట్టి డేటా ఎంట్రీ చేయించకూడదు. మార్చిలో ఆ ఆశ గట్టిగా పుడుతుంది. సెలవులు కూడా ఊరి వీలును బట్టే వేసుకోవాలి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం, మోటారు పడవలు ఒడ్డునే ఉంటాయి. జాలరిపేటలో మగవాళ్ళతో కూర్చుని మాట్లాడటానికి అదే అదను. అక్కడ చేసేవాళ్ళకు సెలవు ముందో తర్వాతో ఇవ్వాలి. ఏజెన్సీలో సంత రోజు అలాంటిదే.

రిలీవర్ జీతం అడిగితే ఫండర్ల దగ్గర "అడ్మిన్‌కు (ఆఫీసు నిర్వహణకు) 5 శాతమేనండీ" అనే మాట వస్తుంది. 2021లో సవరించిన సీఎస్‌ఆర్ (కంపెనీలు సామాజిక పనులకు పెట్టే ఖర్చు) నియమాల్లో ఆ 5 శాతం, కంపెనీ తన సీఎస్‌ఆర్ పనులను నిర్వహించుకునే ఖర్చుకు పెట్టిన హద్దు. ప్రాజెక్టును నేరుగా అమలు చేసే ఖర్చు దాని కిందికి రాదు. కాబట్టి ప్రపోజల్‌లో ఈ మనిషిని స్టాఫ్ వెల్ఫేర్ కింద రాయకండి, ఫీల్డ్ వర్కర్ల పట్టికలోనే 13వ వరసలో చూపండి.