షెన్‌జెన్‌లో అంతా నచ్చింది, ఆ ఒక్క హోటల్ తప్ప

చైనాలోని షెన్‌జెన్ వెళ్లేవాళ్లు రూమ్‌కి డబ్బు కట్టే ముందు, ఇండియన్ పాస్‌పోర్టుతో దిగనిస్తారా అని హోటల్‌కే మెసేజ్ పెట్టి అడగండి. మేం ముగ్గురికి సరిపడే రూమ్ 268 యువాన్లకు, అంటే మూడు వేల పైచిలుకు రూపాయలకు, యాప్‌లో బుక్ చేసుకుని రాత్రి పదిన్నరకు సూట్‌కేసులు లాక్కుంటూ వెళ్తే, కౌంటర్‌లో అమ్మాయి పాస్‌పోర్టులు చూసి, ఫోన్‌లో ట్రాన్స్‌లేషన్ పెట్టి 'విదేశీయులను తీసుకోం' అని చూపించింది. అలా తిప్పి పంపొద్దని అక్కడి ప్రభుత్వమే 2024లో హోటళ్లకు చెప్పింది. అదే టైప్ చేసి చూపించాను. ఆమె మేనేజర్‌కి ఫోన్ కొట్టింది, ఆయన కిందికి కూడా దిగలేదు. మా మామగారికి మోకాళ్ల నొప్పులు. సోఫాలో కూలబడి "పోనీలే బాబూ, ఇంకోటి చూద్దాం" అన్నారు కానీ మొహం వాడిపోయింది. మా ఆవిడ కోపం పట్టలేక తెలుగులోనే దులిపేసింది.

నాలుగు వీధుల అవతల 430 యువాన్లకు ఇంకో రూమ్ దొరికింది. అక్కడ రెండు నిమిషాల్లో పాస్‌పోర్టులు స్కాన్ చేసి కీ కార్డు చేతిలో పెట్టారు. మరి వీళ్లకు కుదిరింది వాళ్లకెందుకు కుదరదు? మొదటి హోటల్ డబ్బు వారానికి గానీ వెనక్కి రాలేదు, మిగతా 162 యువాన్లు మా నెత్తిన పడ్డాయి.

ఊరు మాత్రం అద్భుతం. 1980లో ప్రత్యేక ఆర్థిక మండలి చేసిన చోట 2020 జనాభా లెక్కల్లో కోటీ 75 లక్షల మంది తేలారు. 2017కే ఇక్కడి సిటీ బస్సులన్నీ, పదహారు వేలకు పైగా, ఎలక్ట్రిక్ అయిపోయాయి. రద్దీ రోడ్డు పక్క బస్టాపులో నిలబడి గొంతు పెంచకుండా మాట్లాడుకోవచ్చు, కోఠిలో బస్సు కోసం నిలబడ్డవాళ్లకు దాని విలువ తెలుస్తుంది. ఎలక్ట్రిక్ బండ్లు తయారుచేసే బీవైడీ కంపెనీ ఈ ఊరిదే. మన హైదరాబాద్‌లో ఎయిర్‌పోర్టుకు తిరిగే ఒలెక్ట్రా బస్సుల్లో వాడిన టెక్నాలజీ కూడా వాళ్లదే. చైనా బలం గురించి టీవీల్లో ఎంత విన్నా, నాకు అది అర్థమైంది ఆ బస్టాపులోనే.

హువాచియాంగ్‌బెయ్ ఎలక్ట్రానిక్స్ మార్కెట్‌కి తప్పకుండా వెళ్లండి. మా ఆవిడ ఫోన్ బ్యాటరీ మార్చడానికి 120 యువాన్లు తీసుకున్నారు. బల్లంత కొట్టులో కూర్చున్న ఒకావిడ అద్దాన్ని వేడి చేసి, పల్చటి ప్లాస్టిక్ ముక్కతో అంచు లేపి, విప్పిన స్క్రూలను వరస తప్పకుండా అయస్కాంతం మీద పేర్చుకుంటూ మా కళ్ల ముందే ఇరవై నిమిషాల్లో ముగించింది. అంత శుభ్రమైన పని నేనెక్కడా చూడలేదు.

శాకాహారులకు బయట తిండి కష్టమే. హోంగ్‌ఫా బౌద్ధాలయంలో శాకాహార భోజనశాల ఉంది, అక్కడ పుట్టగొడుగులూ టోఫూ అన్నంతో కడుపునిండా తిన్నాకే మామగారి మొహంలో కళ వచ్చింది.

అక్కడి పేమెంట్ యాప్ అలీపేలో మన వీసా కార్డు పనిచేసింది. 200 యువాన్లు దాటిన బిల్లుకు 3 శాతం ఫీజు పడుతుంది, కాబట్టి కుదిరితే బిల్లు విడగొట్టించండి. అక్కడి వైఫైలో వాట్సాప్ రాదు, ఇండియా నంబర్‌కి రోమింగ్ వేయించుకోండి. మేం హాంకాంగ్ మీదుగా వెళ్లాం, అక్కడి వెస్ట్ కౌలూన్ స్టేషన్ నుంచి షెన్‌జెన్‌లోని ఫుతియాన్‌కి రైల్లో 14 నిమిషాలే. ఈసారి గ్వాంగ్‌జౌ అంటున్నారు మామగారు. 2025 అక్టోబర్‌లో కోల్‌కతా నుంచి నేరుగా ఇండిగో విమానం మొదలైంది కదా, అందులోనే వెళ్దామని. రూమ్ మాత్రం నేనే ఫోన్ చేసి, సరే అన్నాకే కడతాను.