పిచ్ఛాబస్తి తగ్గించిన తొందర, చూపించని వాపు

అల్సరేటివ్ కొలైటిస్‌కు (పెద్దపేగు లోపలి పొర వాచి పుండ్లు పడే వ్యాధి) నేను చాలాకాలంగా వాడుతున్న కుటజారిష్టం, ముస్తకారిష్టం అనే ఆయుర్వేద మందుల గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. విరేచనం కొంత గట్టిపడింది, అంతే. నేను మనసారా మెచ్చుకునేది పిచ్ఛాబస్తిని, అంటే జిగట ద్రవాన్ని మలద్వారం గుండా ఎక్కించే ఆయుర్వేద చికిత్సను.

ఈ వ్యాధిలో నన్ను రక్తం కంటే ఎక్కువగా కుంగదీసింది తొందర. పేగులో ఏమీ లేకపోయినా ఇప్పుడే వెళ్లాలనిపిస్తుంది, వెళ్తే కాస్త జిగట, రక్తం పడి, లేచి వచ్చేలోపే మళ్లీ అదే మొదలవుతుంది. చరక సంహిత అతిసార చికిత్సలో చెప్పిన ఈ బస్తికి ఇప్పుడు ఎక్కువగా మోచరసం, అంటే బూరుగు జిగురు వాడుతున్నారు. దాన్ని పాలూ నీళ్లూ కలిపి నీరు ఇగిరేదాకా కాచి, వడకట్టి, నెయ్యి, తేనె, అతిమధురం ముద్ద చేర్చి, గోరువెచ్చగా ఉన్నప్పుడు ఎక్కిస్తారు. వేళ్ల మధ్య తీగలా సాగే ఆ ద్రవం, ఎడమ పక్కకు తిరిగి కుడి మోకాలు మడిచి పడుకుంటే, మెల్లగా లోపలికి జారుతుంది. మొదట్లో నిమిషాల్లోనే బయటికి వచ్చేసేది. పోను పోను నిలవడం మొదలైంది, దానితో పాటే తొందరా సద్దుమణిగింది. రాత్రి మెలకువ రాకుండా నిద్రపోవడం ఎంత సుఖమో ఈ రోగం ఉన్నవారికి వేరే చెప్పనక్కరలేదు.

అయితే అంత హాయిగా ఉన్న రోజుల్లోనే చేయించిన మల పరీక్షలో పేగు వాపును తెలిపే కాల్‌ప్రొటెక్టిన్, గ్రాముకు 50 మైక్రోగ్రాముల లోపు ఉండవలసినది, దానికి ఎన్నో రెట్లు వచ్చింది. కొలనోస్కోపీలో పురీషనాళం దాదాపు మానిపోయి కనిపించింది కానీ, వాపు పైకి, బస్తి ద్రవం అందని అడ్డపేగు దాకా పాకింది. తొందర పుట్టేది పురీషనాళంలో కాబట్టి అక్కడ నెమ్మదించగానే నాకు అంతా నెమ్మదించినట్టే తోచింది. పేగు వాపు తగ్గించే అల్లోపతి మందు మెసాలమైన్ నేను ఏనాడూ మానలేదు, ఆ తరువాత మోతాదు పెంచారు కూడా. కనుక పురీషనాళం మానడంలో బస్తి వాటా ఎంతో విడదీసి చెప్పలేను.

ఒక వైద్యుడు పేరు రాయని పొట్లంలో పర్పటి అనే ఆయుర్వేద మందు ఇచ్చి, అందులో ఏముందో అడిగితే తప్ప చెప్పకపోవడం మాత్రం నాకు ఇప్పటికీ కోపం తెప్పిస్తుంది. పర్పటి కల్పాల్లో చాలావాటికి పాదరసం, గంధకమే మూలం. మెసాలమైన్ వాడేవారు ఎలాగూ మూత్రపిండాల పరీక్షలు చేయించుకుంటూ ఉండాలి. పాదరసం దెబ్బతీసేదీ వాటినే. నేను తీసుకోలేదు.

వాపు పురీషనాళానికి, ఎడమవైపు పేగుకే పరిమితమై, తీవ్రత తక్కువగా ఉండి, గ్యాస్ట్రోఎంటరాలజిస్టుకు తెలిసే చేయించుకునేవారికైతే బస్తి గురించి ఆలోచించమంటాను. జ్వరంతో, ధారగా రక్తంతో ఉన్నవారికి, క్రోన్స్ అనే మరో పేగు వాపు వ్యాధి వల్ల పేగు సన్నబడినవారికి, ఫిస్టులా (పేగు నుంచి ఏర్పడే అసహజ దారి) ఉన్నవారికి నా అనుభవం వర్తించదు. నేను మాత్రం తొందర తిరగబెట్టినప్పుడు బస్తి చేయించుకుంటూనే ఉన్నాను, కాల్‌ప్రొటెక్టిన్ ఎంతుందో చూసుకున్న తరువాతే.