టిబిలిసిలో జార్జియన్ నేర్చుకోవాలంటే ఏ ఇంట్లో ఉండాలి?

జార్జియా దేశ రాజధాని టిబిలిసిలో ఉన్న స్టేట్ యూనివర్సిటీలో జార్జియన్ భాష చదవాలనుకునేవాళ్లు ముందు ఫీజు గురించి అడుగుతారు. నన్నడిగితే ఇంటి సంగతి ముందు చూసుకోవాలి.

యూనివర్సిటీ 1918లో మొదలైంది. చావ్‌చవాడ్జే అవెన్యూ మీదున్న తెల్లటి పాత భవనం చాలా బాగుంటుంది. స్థాపకుల్లో ఒకరైన ఇవానే జవఖిష్విలి సమాధి ఆ ఆవరణలోనే ఉంది. మెట్రోలో వస్తే రుస్తవేలిలో దిగి బస్సెక్కాలి.

లిపికి భయపడక్కర్లేదు. 33 అక్షరాలే, రాసినట్టే చదువుతారు. చిక్కంతా పలకడంలో ఉంది. మన ఖ లాంటిదొకటి, గొంతు బిగించి టక్కున వదిలే క ఇంకొకటి. డెజర్టర్ బజార్లో అక్రోట్లు అమ్మే ఒక పెద్దావిడ నా చేతిని తన గొంతు మీద పెట్టుకుని మరీ ఆ తేడా చూపించింది. క్లాసులో ఎన్నిసార్లు విన్నా పట్టుబడనిది అక్కడ పట్టుబడింది. ధరలు అర్థం కావడానికి ఇంకా టైం పట్టింది. డెబ్బై అయిదుని వాళ్లు మూడు ఇరవైలూ పదిహేనూ అంటారు మరి.

క్రియాపదాలు నిజంగా కష్టం. ఎవరు చేశారో, ఎవరికి చేశారో రెండూ ఆ ఒక్క మాటలోనే ఇమిడిపోతాయి. అయితే ‘నాకు కావాలి’, ‘నాకు నచ్చింది’, ‘నాకు గుర్తుంది’ లాంటివి వాళ్లూ మనలాగే ‘నాకు’ అనే చెబుతారు. ఇంగ్లిష్ నుంచి వచ్చినవాళ్లు అక్కడ తడబడుతుంటే నాకు హాయిగా అనిపించింది.

మొదట సబుర్తలో అనే పేటలో మెడిసిన్ చదివే మన తెలుగు పిల్లలతో కలిసి ఫ్లాట్‌లో ఉన్నాను. పప్పన్నానికి లోటు లేదు, జార్జియన్ మాత్రం ఒక్క ముక్క రాలేదు. తర్వాత వాకే అనే ఇంకో పేటలో ఇంగ్లిష్ రాని ఒక బామ్మగారింట్లో గది తీసుకున్నాను. అద్దె ఎక్కువే, లిఫ్టు ఎక్కాలన్నా నాణెం వేయాలి. అయినా రాత్రి భోజనం దగ్గర ఆవిడతో మాట్లాడిన మాటలే నాకు నిలిచాయి. ఫ్లాట్ చూపించిన బ్రోకర్ అడ్వాన్స్ తిరిగివ్వడానికి బాగా తిప్పాడు. కాగితం మీద రాయించుకోకుండా డబ్బు ఇవ్వకండి. చలికాలానికి ముందే గదిలో హీటర్ పనిచేస్తుందో లేదో చూసుకోండి.

మెడిసిన్‌కి వెళ్లే పిల్లలకు ఇది మరీ అవసరం. పాఠాలు ఇంగ్లిష్‌లో చెప్పినా, వార్డులో రోగి నొప్పి ఎక్కడో చెప్పేది జార్జియన్‌లోనే. మొదటి ఏడాదైనా స్థానికుల ఇంట్లో ఉండండి.