భీమవరంలో పాత బైకు కొనేవారు జాగ్రత్త: రీకాల్ సంగతి దాచి నాకు బండి అంటగట్టారు

ఆ దుకాణం పేరు నేను చెప్పకపోయినా ఈ చుట్టుపక్కల పాత బండ్లు కొనే వారందరికీ తెలుసు కనుక నేరుగా విషయానికి వస్తాను. మూడు వారాల క్రితం అక్కడ 78,000 రూపాయలు పోసి కొన్న బైకు, మొన్న శనివారం రాత్రి పాలకొల్లు వస్తుండగా, వీరవాసరం దాటాక రొయ్యల చెరువుల పక్కన మలుపులో హ్యాండిల్ తిప్పగానే హెడ్‌లైటుతో సహా ఆగిపోయింది. ఏదో కాలుతున్న వాసన వస్తోందని వెనుక కూర్చున్న నా భార్య అంతకుముందే అంది. ఎవరో చెత్త తగలబెడుతున్నారని చెప్పి ఆమె నోరు మూయించిన మేధావిని నేనే. ట్యాంకు కింద నుంచి పొగ లేచాక గానీ బండి దిగలేదు.

సోమవారం ఉదయం బండిని ట్రాలీ ఆటోలో ఎక్కించి కంపెనీ సర్వీసు సెంటరుకు తీసుకెళ్తే, ఛాసిస్ నంబరు కంప్యూటరులో కొట్టి చూసిన అమ్మాయి, దీనికి వైరింగ్ రీకాల్ ఉందని, అంటే లోపం సరిచేయడానికి కంపెనీయే ఈ బండ్లను వెనక్కి పిలిచిందని, ఆ పని ఇంతవరకు ఎవరూ చేయించలేదని చెప్పింది. హ్యాండిల్ తిరిగే మెడ దగ్గర వైర్ల కట్ట రాసుకుని, పైతొడుగు అరిగి షార్ట్ అవుతుందట. మెకానిక్ ఫ్యూజు బాక్సు మూత తీసి చూపించాడు. 15 ఆంపియర్ల ఫ్యూజు ఉండవలసిన చోట మెలితిప్పిన రాగి తీగ ముక్క ఒకటి నల్లగా మసిబారి ఉంది. షార్ట్ అయినప్పుడు ముందు ఫ్యూజు పోవాలి, వైర్లు మిగలాలి. పోయే ఫ్యూజునే తీసేశారు కనుక, కాలడం వైర్ల వంతయింది.

అక్కడి నుంచే దుకాణం యజమానికి ఫోన్ చేశాను. పొరపాటు జరిగిందంటాడేమోనని నాకింకా ఆశ.

“ఆ తీగ మా కుర్రాడు పెట్టిందేనండి. వారానికోసారి ఫ్యూజు పోతా ఉంటే ఎవరు కొంటారండి? ఆయ్, ఇంక జన్మలో పోదు!”

మరి రీకాల్ సంగతి తెలుసా అని అడిగాను. “పాత ఓనరుకి మెసేజ్ వచ్చిందన్నారండి. మీరు అడగలేదు కదా, మేమెందుకు చెబుతామండి?” అని నవ్వాడు. ఆ నవ్వులోనే పక్కనెవరికో రెండు టీలు చెప్పాడు. కాలిన బండి పక్కన నిలబడి ఆ టీల లెక్క విన్నాను.

నిజమే, నేను అడగలేదు. టైర్లలో గోరు గుచ్చి చూశాను, ఇంజను చప్పుడు చెవొగ్గి విన్నాను, బేరమాడి 2,000 తగ్గించానన్న గర్వంతో దారిలో పూతరేకులు కొని ఇంటికి వెళ్లాను. అంతటి తెలివి నాది.

రీకాల్ ఉండటమే తప్పని నేను అనడం లేదు. ఇగ్నిషన్ కాయిల్‌లో లోపం ఉందని, అరుదుగా షార్ట్ సర్క్యూట్ కావచ్చని 2021 మే నెలలో రాయల్ ఎన్‌ఫీల్డ్ సంస్థ తానే ప్రకటించి 2,36,966 బండ్లను వెనక్కి పిలిచింది. నాది ఆ కంపెనీ బండి కాదు కానీ, లోపాన్ని అలా బయటపెట్టిన ఏ కంపెనీ మీదా నాకు కోపం లేదు. ఆ మాటను జేబులో దాచుకుని, రాగి తీగతో కప్పిపుచ్చిన వాడి మీదే నా కోపమంతా. వైర్ల కట్టను కంపెనీ ఉచితంగానే మారుస్తుందట. ఆ తీగ వల్ల పాడైన బ్యాటరీ, మీటరు, లైట్ల ఖర్చు 11,400 మాత్రం నాదే.

కాబట్టి డబ్బు చేతిలో పెట్టక ముందే ఛాసిస్ నంబరు రాసుకుని, రీకాల్ పని ఏదైనా మిగిలి ఉందేమో కంపెనీ సర్వీసు సెంటరులో అడగండి. ఆ కబురు సాధారణంగా మొదటి యజమాని ఫోనుకే వెళ్తుంది, మీకు రాదు. ఫ్యూజు బాక్సు మూత కూడా ఒకసారి తీయించి చూడండి.

వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాను, ఆ తీగ ముక్కను కవరులో పెట్టి ఉంచాను. నిన్న ఆ దుకాణం మీదుగా వెళ్తే, అదే మోడల్ నల్ల బండి ఒకటి శుభ్రంగా కడిగి ముందు వరుసలో నిలబెట్టి ఉంది.