రింగులు, ఐఆర్‌క్యూ ఎక్కడ వదలాలి: స్టాప్‌లోనా, రిమూవ్‌లోనా, డెవ్‌ఎంకు అప్పజెప్పాలా?

ప్రాజెక్టుల కాలం వచ్చిందంటే హనుమకొండ, వరంగల్ కాలేజీల పిల్లలు, మడికొండ ఐటీ పార్కులో డ్రైవర్ పనికి కొత్తగా కుదిరినవాళ్లు ఒకే ప్రశ్న అడుగుతారు. లినక్స్ ఈథర్నెట్ డ్రైవర్‌లో తీసుకున్న మెమరీ, ఇంటరప్ట్ లాంటివన్నీ పోర్ట్ డౌన్ చేసినప్పుడే, అంటే ఎన్‌డీఓ స్టాప్‌లోనే వదిలేయాలా? పరికరాన్ని తీసేసేటప్పుడు రిమూవ్‌లో వదలాలా? లేక డెవ్‌ఎం ఫంక్షన్లు (తీసుకున్నవాటిని పరికరంతో ముడిపెట్టి, కెర్నెలే వదిలేలా చేసేవి) వాడి కెర్నెల్‌కే అప్పజెప్పాలా? మూడూ నడిచే దారులే. రింగులు (కార్డు, డ్రైవర్ ప్యాకెట్ల వివరాలు ఇచ్చిపుచ్చుకునే మెమరీ వరుసలు), ఐఆర్‌క్యూ (కార్డు ప్రాసెసర్‌ను పిలిచే ఇంటరప్ట్ లైను) వరకు మాత్రం నా ఓటు స్టాప్‌కే.

మెమరీ ఆదా అవుతుందన్నది అందరూ చెప్పే కారణం. 16 బైట్ల డిస్క్రిప్టర్లు (ఒక్కో బఫర్ చిరునామా, స్థితి రాసే గడులు) 256 ఉన్న రింగ్‌కు పట్టేది 4 కేబీయే. దాని వెనుక 2 కేబీ బఫర్లు 256 పెడితే 512 కేబీ అవుతుంది, ఎనిమిది క్యూలకు 4 ఎంబీ. డౌన్‌లో ఉన్న పోర్ట్‌కు ఇదంతా దండగే. కానీ నా దృష్టిలో తేల్చేది మెమరీ కాదు, వదిలే వరుస.

తూము మూయకుండా పూడిక తీయడానికి ఎవరూ కాలువలో దిగరు. ఇక్కడ తూము అంటే డీఎంఏ, అంటే ప్రాసెసర్‌తో పనిలేకుండా కార్డే నేరుగా మెమరీలో రాయడం, చదవడం. కార్డు ఇంకా రాస్తుండగానే బఫర్ వదిలేస్తే, ఆ పేజీ వేరెవరి చేతికో పోయాక దాంట్లో ప్యాకెట్ వచ్చి పడుతుంది. తప్పు ఇక్కడ, కూలేది ఇంకెక్కడో. అందుకే స్టాప్‌లో ముందు ట్రాన్స్‌మిట్ క్యూలు ఆపాలి, తర్వాత నాపీ (ప్యాకెట్లను పోల్ చేసి తీసుకునే కెర్నెల్ యంత్రాంగం) డిజేబుల్, ఆపైన కార్డులో ఇంటరప్ట్ మాస్క్ (ఇంటరప్ట్ రాకుండా మూయడం), ఫ్రీ ఐఆర్‌క్యూ. మాస్క్ ముందు చేస్తే పోల్ ముగుస్తూ ఇంటరప్ట్‌ను మళ్లీ తెరుస్తుంది, కాబట్టి నాపీనే ముందు. తర్వాత ఆర్‌ఎక్స్ (స్వీకరణ), టీఎక్స్ (పంపడం) ఇంజిన్లు ఆపి, ఆగాయని రిజిస్టర్ చదివి చూసుకోవాలి. ఈ ఎదురుచూపుకు గడువు తప్పనిసరి. కార్డును ఊడబీకేస్తే చదివిన ప్రతిసారీ 0ఎక్స్‌ఎఫ్‌ఎఫ్‌ఎఫ్‌ఎఫ్‌ఎఫ్‌ఎఫ్‌ఎఫ్‌ఎఫ్ వస్తుంది, గడువు లేని లూప్ ఎప్పటికీ తేలదు. బఫర్ల అన్‌మ్యాప్, రింగుల విడుదల అన్నిటికన్నా చివర.

స్టాప్‌కూ ఒక చిక్కుంది. అది ఆర్‌టీఎన్‌ఎల్ తాళం (నెట్‌వర్క్ సెట్టింగులు మార్చేటప్పుడు కెర్నెల్ పట్టుకునే ఉమ్మడి తాళం) పట్టుకుని ఉండగా నడుస్తుంది. టీఎక్స్ టైమౌట్ రీసెట్ వర్క్ (పంపడం నిలిచిపోతే కార్డును రీసెట్ చేసే నేపథ్య పని) కూడా అదే తాళం అడిగేదైతే, స్టాప్‌లో క్యాన్సిల్ వర్క్ సింక్ (ఆ పనిని రద్దు చేసి, నడుస్తుంటే ముగిసేదాకా ఆగేది) పిలవగానే రెండూ ఒకదానికోసం ఒకటి ఆగిపోతాయి. లింక్ డౌన్ కమాండ్ వేలాడుతుంది, 120 సెకన్లకు హంగ్ టాస్క్ సందేశం వస్తుంది, ఆ తాళం అడిగే మిగతా ఐపీ కమాండ్లూ బిగుసుకుంటాయి. అలాంటి వర్క్ రద్దు రిమూవ్‌లోనే ఉండాలి, అన్‌రిజిస్టర్ నెట్‌డెవ్ (కెర్నెల్‌లో పోర్ట్ నమోదు తీసేసేది) తర్వాత, ఫ్రీ నెట్‌డెవ్‌కు (దాని మెమరీ వదిలేసేదానికి) ముందు.

రిమూవ్ బలం అక్కడే. ప్రోబ్‌లో (పరికరం దొరకగానే నడిచే ఫంక్షన్‌లో) తీసుకున్న బార్ మ్యాపింగ్ (కార్డు రిజిస్టర్లను అందుకునే దారి), పీసీఐ రీజియన్ల (కార్డు చిరునామా భాగాల) చోటు కూడా అదే. రింగులు కూడా ప్రోబ్‌లో తీసుకుని రిమూవ్ దాకా ఉంచుకుంటే ఒక లాభం లేకపోలేదు: మెమరీ ముక్కలైపోయిన చిన్న బోర్డులో, నెలల తర్వాత పోర్ట్ అప్ చేసినా పెద్ద రింగ్ దొరకలేదన్న గొడవ ఉండదు. అలాంటి బోర్డుకు ఈ దారిని కాదనను. కొత్తవాళ్లు ఇక్కడ చేసే తప్పు ఒకటుంది: రిమూవ్‌లో స్టాప్‌ను తామే పిలుస్తారు. పోర్ట్ అప్‌లో ఉంటే అన్‌రిజిస్టర్ నెట్‌డెవ్ దాన్ని ఎలాగూ పిలుస్తుంది. నాపీ డిజేబుల్ రెండోసారి నడిచి అక్కడే నిలిచిపోతుంది.

డెవ్‌ఎం చూడ్డానికి హాయిగా ఉంటుంది, ప్రోబ్ మధ్యలో విఫలమైతే తీసుకున్నవి ఒక్కొక్కటిగా వదిలే గోటూల వరుస రాసే బాధ ఉండదు. అయితే అది వదిలేది రిమూవ్ ముగిశాక, తీసుకున్న దానికి తలకిందుల వరుసలో. ఐఆర్‌క్యూ డెవ్‌ఎంతో తీసుకుని, ఫ్రీ నెట్‌డెవ్ మాత్రం రిమూవ్‌లో చేత్తో రాస్తే, డ్రైవర్ ప్రైవేట్ మెమరీ పోయాక కూడా ఇంటరప్ట్ హ్యాండ్లర్ బతికే ఉంటుంది. ఐఆర్‌క్యూ పంచుకునేదైతే, డీబగ్ ఎస్‌హెచ్‌ఐఆర్‌క్యూ కాన్ఫిగ్ పెట్టిన కెర్నెల్ విడుదల సమయంలో హ్యాండ్లర్‌ను కావాలనే ఒకసారి పిలుస్తుంది, తప్పు అక్కడే బయటపడుతుంది. వాడితే నెట్‌డెవ్‌ను కేటాయించడం, రిజిస్టర్ చేయడం కూడా డెవ్‌ఎంతోనే చేయండి. పోర్ట్ అప్ చేసినప్పుడు నడిచే ఓపెన్‌లో మాత్రం డెవ్‌ఎం వద్దు: డౌన్ చేసినా ఏదీ విడుదల కాదు, పంచుకోని ఐఆర్‌క్యూ అయితే రెండో అప్‌కే ఈబిజీ (ఇప్పటికే వాడుకలో ఉందన్న లోపం) వస్తుంది.

డీపీడీకేలో (కెర్నెల్‌ను దాటి నేరుగా ప్యాకెట్లు నడిపే లైబ్రరీలో) ఈ ప్రశ్నే లేదు. 20.11 వెర్షన్ నుంచి పోర్ట్ వనరులన్నీ క్లోజ్‌లోనే వదలాలి, రిమూవ్ ఆ క్లోజ్‌ను పిలిస్తే చాలు.

ఏ దారి పట్టినా కాసాన్ (వదిలేసిన మెమరీని ముట్టుకుంటే పట్టించేది), డీఎంఏ ఏపీఐ డీబగ్ (డీఎంఏ వాడకంలో తప్పులు పట్టించేది) పెట్టిన కెర్నెల్‌లో ట్రాఫిక్ నడుస్తుండగా వెయ్యిసార్లు అప్, డౌన్ చేయండి. తర్వాత పోర్ట్ అప్‌లో ఉంచే సిస్‌ఎఫ్‌ఎస్ (పరికరాలను ఫైళ్లుగా చూపే చోటు) నుంచి అన్‌బైండ్ చేయండి, అంటే డ్రైవర్‌ను పరికరం నుంచి విడదీయండి. వదలని డీఎంఏ మెమరీ ఉంటే అన్‌బైండ్ అవగానే డీమెసేజ్‌లో (కెర్నెల్ సందేశాల్లో) లెక్కతో సహా కనిపిస్తుంది.